గుడ్డ పిండిన నీళ్ళు

మా చెల్లెలు హరిణికి డాక్టరేటు వచ్చిన రోజు నేను పాయసం చేశాను. అందులో చక్కెర వేయలేదు. మరిచిపోయానని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. అందరూ ఒక్కో చెంచా నోట్లో పెట్టుకుని, మొహమాటంగా నవ్వి, గిన్నెలు పక్కన పెట్టేశారు. హరిణి ఒక్కతే రెండు గిన్నెలు తింది. పైగా "బాగుందక్కా" అంది. దాంతో నాకు ఒళ్ళు మరింత మండింది.

ఎందుకు మండదు చెప్పండి? రసాయనశాస్త్రంలో డాక్టరేటుకు నాకు ఆరేళ్ళు పట్టింది. తర్వాత పదకొండేళ్ళు ఇదే విశ్వవిద్యాలయంలో పొడి నూరి, కాల్చి, మళ్ళీ నూరి, వేళ్ళ సందుల్లోకి నలుపు దిగిపోయింది. నిమ్మచెక్కతో రుద్దినా పోదు. అది చేసిందేమిటి? రాజనీతిశాస్త్రం పేరు చెప్పి ఊళ్ళు తిరిగింది, టీలు తాగింది, నీళ్ళ కోసం ఎవరు ఎవరితో ఎందుకు తగవు పడ్డారో పుస్తకంలో రాసుకుంది. దానికీ డాక్టరేటే, నాకూ డాక్టరేటే. తగవులు వినడం శాస్త్రమైతే మా వీధి కుళాయి దగ్గర కనీసం నలుగురు ప్రొఫెసర్లున్నారు.

పేర్ల దగ్గరనుంచీ ఇంతే. ముందు పుట్టాను కాబట్టి ఊరి దేవత పేరు సుంకులమ్మ అని నాకు అంటగట్టారు. అది పుట్టేసరికి మా నాయన వారపత్రికలు తిరగేసి మరీ హరిణి అని వెతికి పెట్టాడు. మా జేజి, అంటే నాయన తల్లి, తెల్లవారుజామున శనగచేనికి పోతూ దాన్నే చంకనేసుకుని పోయేది. నన్ను ఒక్కనాడూ లేపలేదు.

జేజి చేనికి ఎందుకు పోయేదో చెప్పాలి. మాది నల్లచెలిక అనే ఊరు, నల్లరేగడి నేల. వానలు వెళ్ళిపోయాక అక్కడ శనగ వేస్తారు. ఇక నీళ్ళు కట్టే పని ఉండదు. నేలలో మిగిలిన పదును, పైనుంచి కురిసే మంచు, ఆ రెంటితోనే చేను కాస్తుంది. శనగాకు మీద మంచు పడితే పుల్లటి నీరు ఊరుతుంది. జేజి పొద్దుగూకే వేళ ఉతికిన తెల్లగుడ్డ ఒకటి మొక్కల మీద పరిచి వచ్చేది. తెల్లారి ఆ గుడ్డను గిన్నెలోకి పిండేది. ఊళ్ళో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఆ పులుపే మందు.

నేను కనిపెట్టినదానికి మూలం ఆ గుడ్డే. ఈ మాట నా పరిశోధన పత్రాల్లో ఎక్కడా రాయలేదు. జేజి గుడ్డ అని రాస్తే ఏ పత్రిక అచ్చు వేస్తుంది?

నా పొడిని మొదటిసారి ఉపకులపతి గారి ఏసీ గదిలో చూపించాను. దోసెడు పొడి గాజుపళ్ళెంలో పోసి బల్ల మధ్యలో పెట్టి, మాట్లాడుతూ పోయాను. గంట తర్వాత పళ్ళాన్ని దీపం కింద పెట్టి కాస్త వెచ్చబెడితే, పొడి తాగిన నీరంతా వదిలింది. గ్లాసులో పోస్తే సగం నిండింది. గాలిలో తేమ బొత్తిగా లేదనుకునే చోట కూడా అది నీళ్ళు పట్టగలదు. ఉపకులపతి గారు ఎండిపోయిన పెదాలు నాలుకతో తడుపుకుంటూ చప్పట్లు కొట్టారు. గదిలో అందరూ పెదాలు తడుపుకుంటున్నారు. మూలన కూర్చున్న హరిణి మాత్రం చప్పట్లు కొట్టకుండా వాళ్ళ మూతులు చూస్తూ ఉంది. కుళ్ళుకుంటోంది కాబోలనుకుని సంతోషించాను.

ఇంజనీరింగు విభాగంలో ఓబులపతి సారు ఆ పొడి అద్దిన వలలు అల్లించి, నలభై అడుగుల స్తంభాలకు బిగించాడు. రాత్రంతా వల తేమ తాగుతుంది, పొద్దుటి ఎండ తగలగానే వదిలేస్తుంది, కిందున్న గొట్టంలోంచి తొట్టిలోకి దిగుతుంది. మొదటి రెండు వందల వలలు మా ఊరికి దగ్గరున్న ఎర్రగుడిలో నిలబెట్టాం. అక్కడి ఆడవాళ్ళు తాగేనీళ్ళకు మూడు మైళ్ళు నడిచేవాళ్ళు. మొదటి పొద్దున తొట్టి నిండినప్పుడు ఒక ముసలామె నా నల్లటి చేతులు రెండూ తన కళ్ళకద్దుకుంది. అంత సంతోషం నా బతుకులో ఎన్నడూ ఎరగను.

మా విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతి ఉంది. పరిశోధన ఏదైనా ఊళ్ళలోకి పోవాలంటే ఒకే కాగితం మీద మూడు సంతకాలు పడాలి. మొదటిది విజ్ఞానశాస్త్రం, రెండోది ఇంజనీరింగు, మూడోది రాజనీతిశాస్త్రం. మూడోవారు ఒప్పుకోకపోతే, మొదటి ఇద్దరూ కారణం రాసి దాన్ని కొట్టేయవచ్చు. మూడో సంతకాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పెళ్ళిలో తోడిపెళ్ళికూతురు లాంటిదని ఓబులపతి సారు నవ్వేవాడు. ఆ మూడో సంతకం పెట్టే పని, డాక్టరేటు వచ్చాక ఆ విభాగంలోనే చేరిన హరిణి చేతికి వచ్చింది.

రెండో ఏడు చలికాలంలో, ఎర్రగుడి పక్కన ఇంకో నాలుగు వందల వలలు నిలబెట్టాలని కాగితం కదిలింది. అది కుదిరితే జిల్లా అంతటా మూడు వేలు. సరిగ్గా అప్పుడే పేపర్లో హరిణి ఫొటో వచ్చింది. నా వల కింద నిలబడి, నా తొట్టి మీద చెయ్యేసి, ఎంచక్కా నవ్వుతోంది! పైన "మంచు తగవులపై యువ పరిశోధకురాలి అధ్యయనం" అని పెద్దక్షరాలు. కింద ఎక్కడో చీమంత అక్షరాల్లో "విశ్వవిద్యాలయం రూపొందించిన వలలు" అని ఉంది. నా పేరు లేదు. వలలు వాటంతటవే మొలిచినట్టు రాశారు. ఆ పేపరును మడిచి గ్యాసుపొయ్యి కింద పరిచాను. వారంలో నూనె మరకలు పడ్డాయి.

ఆ వారమే ఒకరోజు పొద్దున హరిణి వంటింట్లోకి వచ్చి నిలబడింది. మేమిద్దరం క్యాంపస్ క్వార్టర్లో ఒకే ఇంట్లో ఉంటాం.

"అక్కా, నల్లచెలికలో శనగాకు పులుపు తగ్గిందంటాండారు."

"ఆకు పులుపు కూడా రాజనీతేనా?"

"ఎగతాళి చేయొద్దక్కా. మంచు తగ్గింది. ఎర్రగుడి వలల మీదనుంచి వచ్చే గాలే కదా నల్లచెలికకు పోయేది. నీ పొడి దోవలోనే తాగేస్తాంది. నువ్వు పొడి చూపించిన రోజు అందరి పెదాలూ ఎండిపోలేదా? నీళ్ళు యాడనుంచో ఒక చోటనుంచే వస్తాయి కదక్కా."

"కొలిచావా?"

అది ఒక చిట్టా పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. నల్లచెలికలో పది చేలు. నలభై ఒక్క రోజులు. రోజూ పొద్దుగూకే వేళ ఆడవాళ్ళు గుడ్డలు పరిచారు, తెల్లారి గ్లాసులోకి పిండారు, నీళ్ళు ఎన్ని వేళ్ళ లోతున్నాయో గీత పెట్టారు. వలలకు దూరంగా ఉన్న చేలో రెండు వేళ్ళు. దగ్గరికి వచ్చేకొద్దీ ఒకటిన్నర, ఒకటి, అర.

"వేలంటే ఎవరి వేలు?" అని కసిరాను. "ఒక్కొక్కరి వేలు ఒక్కో లావు ఉంటుంది. ఇదొక కొలతా?"

"పది చేలకూ నాగమ్మత్త వేలేనక్కా. రోజూ ఆయమ్మే పది చేలూ తిరిగింది. గుడ్డలన్నీ ఒకే తానులోంచి చింపినాం. గ్లాసు గూడా ఒకటే. గాలి వలల మీదికి రాకముందు దాటే మిట్టపల్లె ఉంది కదా, అక్కడ గూడా ఇట్లే కొలిపించినా. అక్కడ మంచు ఎప్పటిలాగే రెండు వేళ్ళుంది."

నాగమ్మత్త మా మేనత్త. నల్లచెలికలో మూడెకరాల శనగ ఆమెది.

చిట్టా రెండుసార్లు తిప్పాను. ఇంత శుభ్రమైన ప్రయోగం నా విద్యార్థుల్లో ఒక్కడూ చేయలేదు. తప్పు పడదామంటే వేలు దూర్చడానికి సందు లేదు. ఎదురుగాలి ఊరును పోలికకు పెట్టుకోవాలని దానికెవరు చెప్పారు? టీలు తాగేదానికి!

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. నా లెక్కలన్నీ వాతావరణ పట్టికలతో కట్టినవి. ఆ పట్టికల్లో వానకు గడి ఉంది, గాలికి గడి ఉంది, ఎండకు గడి ఉంది. మంచుకు గడి లేదు. గడి లేనిచోట నేను సున్నా వేసుకుంటూ పోయాను. పుస్తకాలు చూసి లెక్కలు కట్టే పట్నంవాడు ఆ తప్పు చేశాడంటే సరే. మంచు పదునుకు పండిన శనగలు తిని పెరిగినదాన్ని, జేజి గుడ్డ చూసి వల కనిపెట్టినదాన్ని, నల్లచెలిక మంచుకు సున్నా వేశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా శాస్త్రం.

ఆ క్షణంలో "నిజమే హరిణీ" అని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ పొయ్యి కింద పేపర్లో దాని మొహం నవ్వుతూ కనబడింది. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టినట్టు, పదకొండేళ్ళ నా పనిని ఇది నలభై రోజుల్లో చెడగొడుతుందా అనుకున్నాను. ప్రయోగశాలకు పోయి, మూడు సంతకాల కాగితం తీసి, నా చేత్తో రాశాను: "గుడ్డ పిండి, వేలితో కొలిచిన నీళ్ళు శాస్త్రీయమైన కొలత కావు. మూడో విభాగం అభ్యంతరాన్ని తోసిపుచ్చడమైనది."

ఓబులపతి సారు చదివి, "మీరే రాసినాక ఇంకేముందిలే మేడమ్" అని కింద సంతకం చేశాడు. పది రోజుల్లో నాలుగు వందల వలలూ లేచాయి.

హరిణి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. రోజూ ఊళ్ళకు పోయేది, దుమ్ము కొట్టుకుని వచ్చేది, నాకు అన్నం వడ్డించి తను తినేది. ఒకరోజు మోచెయ్యి గీరుకుపోయి వచ్చింది. ఏమైందంటే "పడినా" అంది. ఎలా పడ్డావని నేను అడగలేదు.

జనవరి ఆఖరులో, జిల్లా పథకం మీద సమావేశానికి మూడు రోజులుందనగా, నేనే నల్లచెలికకు బయల్దేరాను. మంచి బుద్ధితో కాదు, చెప్పేస్తున్నాను. దాని కొలత తప్పని నా కళ్ళతో చూసి, సమావేశంలో దాని నోరు మూయించాలని పోయాను. పెట్టె అడుగున ఉన్న జేజి గుడ్డను కూడా తీసుకుపోయాను.

సాయంత్రం ఆ గుడ్డను నాగమ్మత్త చేలో పరిచి, ఆమె ఇంట్లో పడుకుని, తెల్లారి చేనికి పోయాను. గుడ్డ ఎలా పరిచానో అలాగే ఉంది. ఎత్తి పిండాను. చేతులు నొప్పి పుట్టేదాకా పిండాను. గ్లాసులో ఒక్క చుక్క పడలేదు. వంగి ఒక శనగాకు తెంపి నమిలాను. చప్పగా ఉంది. నేను చేసిన పాయసం గుర్తుకొచ్చింది.

చేనంతా జానెడు ఎత్తులోనే ఆగిపోయింది. కాయ విప్పితే లోపల గింజ లేదు. గట్టు అవతల అత్త మొక్కలు పీకి మేకలకు వేస్తోంది.

"ఏం సుంకీ, చూసినావా మే? కొండనాలుక్కు మందేస్తే ఉన్న నాలుక ఊడిన్యట్లయింది" అంది. కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషి అన్నట్టు అంది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదత్తా?"

"యెట్ల చెప్పేది? ఊరి ఆడబిడ్డ చేసిన పనాయె. ఎర్రగుడోళ్ళు నీ ఫొటోకు దండేసినారంట. నీ పేరు చెడగొట్టగూడదని నోరు మూసుకుంటిమి. మొన్న మొగోళ్ళు కొడవండ్లు తీసుకోని వలలు కోసేదానికి పోతాంటే చిన్నది దావలో అడ్డం పడుకున్యాది. మోచెయ్యంతా గీరుకపోయింది. 'మా అక్క చేసింది, మా అక్కే సరిజేస్తాది, నాలుగు దినాలు ఓర్చుకోండి' అని ఒకటే ఏడుపు."

నేను గట్టు మీద కూర్చున్నాను. ఎందుకో ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. "జేజికి కూడా అదంటేనే ఇష్టం. దాన్నే చేనికి తీసుకొచ్చేది. నన్నెప్పుడన్నా లేపిందా?"

అత్త చేతిలో మొక్క పక్కన పడేసి నా మొహంలోకి చూసింది. "ఓసి పిచ్చిదానా! రేత్రి పొద్దుపోయేదాంక సదువుకుంటాంటివి కదా. 'అది సదువుకునే పిల్ల, నిద్ర చెడగొట్టొద్దు' అని చెంబు గూడా చప్పుడు గాకుండా ఎత్తుకునేది. చిన్నది ఏడ్చి నిన్ను యాడ లేపుతాదో అని దాన్ని చంకనేసుకోని వచ్చేది."

ముప్పై ఏళ్ళుగా ఆ తెల్లవారుజాముల మీద కళ్ళలో నిప్పులు పోసుకుంటూ బతికాను. ఏడవాలనిపించింది. ఏడ్చాను కూడా. అత్త కొంగుతో నా మొహం తుడిచి, మళ్ళీ మొక్కలు పీకడానికి పోయింది. ఆమెకు ఆ పని మిగిలి ఉంది మరి.

సమావేశంలో ఉపకులపతి గారు, ఓబులపతి సారు, హరిణి, నేను ఉన్నాం. కాగితం నా ముందుకు వచ్చింది. మూడు వేల వలలు. మొదటి సంతకం నాది. చేతిసంచిలో జేజి గుడ్డ ఉంది, పొడిగా.

ఒక్కటి ఒప్పుకుంటాను. అప్పుడు కూడా వెంటనే కలం మూత తీయలేదు. రాస్తే పేరు పోతుందన్న భయం కన్నా, రాస్తే అది గెలుస్తుందన్న బాధే ఎక్కువగా ఉంది. తల ఎత్తి హరిణిని చూశాను. అది నా మొహం చూడటం లేదు. నా వేళ్ళ సందుల్లో నలుపును చూస్తోంది. మోచేతి మీద కట్టు ఇంకా ఉంది.

రాశాను. "గుడ్డ కొలతే సరైన కొలత. నల్లచెలిక మంచుకు నా లెక్కల్లో సున్నా వేసింది నేను. తెలిసిన తర్వాత కూడా దాన్ని దాచి, మూడో విభాగం అభ్యంతరాన్ని కొట్టేసింది నేను. ఈ సంవత్సరం ఆ ఊరి పంట పోవడానికి కారణం నేను." కింద సుంకులమ్మ అని పూర్తి పేరు పెట్టాను.

ఉపకులపతి గారు రెండుసార్లు చదివారు. "అమ్మా, ఇది పైకి పోతే ఇకమీద మీ సంతకాన్ని ఎవరు నమ్ముతారు?"

"నమ్మకపోవడమే మంచిదండీ" అన్నాను. "ఈ వలలు దింపేయండి."

"దింపితే ఎర్రగుడోళ్ళు ఏం తాగాలక్కా?" అంది హరిణి.

దాని మీద మళ్ళీ కోపం వచ్చింది. నేను ఇంత చేస్తే కూడా దానికి చాలదా? అది సంచిలోంచి ఒక కాగితం తీసింది. రెండూళ్ళ పెద్దలూ వేలిముద్రలు, సంతకాలు పెట్టిన కాగితం. శనగ మొలిచిన నాటినుంచి కాయ గట్టిపడేదాకా ఎర్రగుడిలో వలలు చుట్టి పెట్టాలి. అన్ని రోజులూ నల్లచెలిక తన తాగేనీళ్ళ బోరులోంచి ఎర్రగుడికి ట్రాక్టరు ట్యాంకుతో నీళ్ళు పంపాలి. పంట ఎత్తాక మళ్ళీ వలలు విప్పుకోవచ్చు. చెరువు కింద తూము నీళ్ళకు వంతులు వేసుకున్నట్టే, గాలికి వంతులు వేసుకొచ్చింది! కొడవళ్ళు పట్టుకున్న రెండూళ్ళను కూర్చోబెట్టి అది తాగిన టీలు ఎన్నో నాకు తెలియదు.

"చుట్టేదానికి కప్పీలు పెడితే సరి, నెల రోజుల పని" అన్నాడు ఓబులపతి సారు. మూడు వేల వలల మాట ఆ రోజుతో ఆగిపోయింది. మొదట హరిణి సంతకం చేసింది. రెండోది ఓబులపతి సారు. మూడోది నేను.

వారం తర్వాత పేపర్లో మళ్ళీ ఫొటో వచ్చింది. హరిణిదే. "గాలికి వంతులు వేసిన పరిశోధకురాలు" అట. నిజం ఒప్పుకున్నది నేను, ఫొటో దానిది. ఈసారి పేపరును పొయ్యి కింద వేయలేదు. కత్తిరించి దాని బల్లమీద పెట్టి, వంటింట్లోకి పోయి పాయసం చేశాను. చక్కెర వేశాను. కాస్త తక్కువే వేశాననుకోండి, అయినా వేశాను.

అది గిన్నె పట్టుకుని గడప మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"నాగమ్మత్తకు ఈ ఏడు మేకలమ్ముకోవాల్సి వస్తాదంట" అంది.

"తెలుసు. నా జీతంలోంచి పంపితే తిప్పి పంపింది."

దాని పక్కకు ఇంకాస్త జరిగాను.

"ఆ రోజు చక్కెర నేను మరిచిపోలేదే" అన్నాను.

"తెలుసక్కా. డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసినావు. నేను వంటింటి వాకిట్లోనే నిలబడుకోని ఉన్యా."

"మరి రెండు గిన్నెలు ఎందుకు తిన్నావు?"

"అంతమంది నీ పాయసం పక్కన పెట్టేస్తాంటే చూడలేకపోయినా."

అలా అని, గిన్నె అడుగున మిగిలినది వేలితో తీసుకుని నాకింది. పదిహేడేళ్ళు చదివినా, ఆ చప్పటి పాయసం అలా రెండు గిన్నెలు తినడం నాకు చేతనయ్యే పని కాదు. దాన్ని చూస్తుంటే, ఏం చెప్పమంటారు, మళ్ళీ అసూయే కలిగింది.